మగ్గముల వీధిలో వేసవి

వేసవి యనగానే మనకు సెలవులు జ్ఞప్తికి వచ్చును. బడి మూయబడును, పుస్తకములు అటక నెక్కును, పిల్లలు అమ్మమ్మగారి యింటికో, మేనమామగారి యింటికో ప్రయాణమగుదురు. కచేరీలలో పనిచేయు పెద్దలు సైతము ఆ మండుటెండలలో నాలుగు దినములు ఎక్కడనైనను చల్లని చోట గడుపవలెనని కోరుకొందురు. కాని వేసవిని మరియొక విధముగా లెక్కించువారు మన నడుమనే కలరు. వారు చేనేతవారు. వేసవి వారికి విశ్రాంతి కాలము కాదు. రానున్న వానకాలపు గ్రాసమును ముందుగా సంపాదించుకొను కాలము.

దీనికి కారణము లేకపోలేదు. వానలు పట్టినచో మగ్గపు గుంటలో నీరూరును. వీధిలో పడుగు పరచి గంజి పెట్టుటకు వీలుండదు. రంగు వేసిన నూలు ఆరదు. ముసురు పట్టిన వారమున మగ్గము మూగబోవును. మగ్గము మూగబోయిన యింట పొయ్యియు మందగించును. కావున మిరుగము వచ్చులోపల, అనగా మృగశిర కార్తె ప్రవేశించులోపల, చేతనున్న పడుగును ముగింపవలెనని ప్రతి నేతగాడును తొందరపడును. అయితే ఆ తొందరకు అడ్డు తగులునది కూడ వేసవియే. ఆ సంగతి ముందు చెప్పెదను.

మా పూర్వులు నేతగాండ్రు. మా తండ్రిగారు చదువుకొని ఉపాధ్యాయులైరి. వారి అన్నగారు మగ్గమును విడువలేదు. మా పెదతండ్రిగారి ఊరు యాదాద్రి భువనగిరి జిల్లాలో, పోచంపల్లికి సమీపమున నున్న ఒక చిన్న పల్లె. 1951వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన వినోబాభావే మహాశయునకు తొలి భూదానము లభించినది ఆ పోచంపల్లిలోనే. అందుచేత దానిని భూదాన పోచంపల్లి యందురు. కాని లోకమునకు ఆ పేరు ఎక్కువగా తెలిసినది అచ్చటి చీరల వలననే. నేనును ఉపాధ్యాయుడనే యగుటచే వేసవిలో నాకు తీరిక. ఏటేట కొన్ని దినములు పెదతండ్రిగారి యింట గడుపుట నా అలవాటు. ఇచ్చట వ్రాయునది కొన్ని సంవత్సరముల క్రిందటి ఒక వేసవిని గూర్చి.

ఆ వీధి నడుమ ఒక వేపచెట్టు కలదు. చెట్టు చుట్టును రాతి అరుగు. ప్రొద్దు వాలి, మగ్గముల చప్పుడు తగ్గి, దీపములు పెట్టు వేళకు వీధిలోని నేతగాండ్రు ఒక్కొక్కరుగా వచ్చి ఆ అరుగుమీద కూర్చుందురు. స్త్రీలు ఎదుటి యిండ్ల గడపలలో కండెలు చుట్టుచునే మాటలలో కలియుదురు. కుశలప్రశ్నలు ముగియగానే ఎవరో యొకరు అడుగుదురు: “ఎంతవరకు వచ్చినది?”

ఆ ప్రశ్నకు ప్రతివారును బదులు చెప్పవలెను. ఆ వేసవిలో ఒకాయన సహకార సంఘమునకు దుప్పట్లు నేయుచుండెను. “మూడు దిగినవి, నాలుగవది సగము” అని ఆయన లెక్క. మూలయింటి వితంతువొకామె పిల్లల అంగీల గుడ్డ నేయుచు తన పనిని గజములలో చెప్పుచుండెను. ఆమె ప్రక్కయింటి యువకుడు పడుగునకును పేకకును రెంటికిని కట్టు కట్టి నేయు కష్టమైన రుమాలు నెత్తుకొనెను. అతని లెక్క అంగుళములలోనే సాగెను. మా పెదతండ్రిగారిది ఏడు చీరల పడుగు. ముదురు నీలపు నేలమీద తెల్లని చిలుకలు, ఎఱ్ఱని అంచు. షావుకారు మిరుగమునాటికి ఏడును కావలెనన్నాడు.

ఈ ముచ్చట్లు కేవలము ప్రొద్దుపుచ్చుట కొరకని నేను మొదట తలంచితిని. రెండు మూడు సాయంకాలములు వినిన పిమ్మట వానిలోని ప్రయోజనము నాకు తెలియవచ్చెను. నేతపని యొక్కని పనివలె కన్పించును. గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్న మనిషి, వాని యెదుట పడుగు, అంతే. కాని ఆ పడుగు మగ్గమునకు వచ్చువరకు దానికి పదిచేతులు కావలెను. గంజి పెట్టు దినమున ఎనమండుగురుండవలెను. పాత పడుగు ముగిసి క్రొత్త పడుగు ఎక్కించునప్పుడు, అచ్చులో మిగిలిన పాత పోగుల కొనలకు క్రొత్త పోగులను ఒక్కొక్కటిగా వేళ్ళతో పురిపెట్టి అతుకవలెను. ఒక చీర పన్నాలో మూడు నాలుగువేల పోగులుండును. వ్రేళ్ళు జారకుండుటకు బూడిద అద్దుకొని అన్ని పోగులను అతుకుట ఒంటిగాని వలన నగు పని కాదు. ఎవరి పని ఏనాటికి ముగియునో తెలిసినగాని ఎవరు ఎవరికి ఏనాడు చేయి సాయము చేయవలెనో తేలదు. అందుచేత ఆ అరుగుమీద ఎవరును ఉన్నదానికంటె ఎక్కువ చెప్పరు, తక్కువయు చెప్పరు. ఎనుబదియేండ్లు దాటిన పెద్దాయన యొకడు, నేత మానుకొని చాలకాలమైనవాడు, అందరి లెక్కలను తలలో నుంచుకొని, “నీకు శుక్రవారము గంజి, నీకు ఆదివారము అతుకుడు” అని నిర్ణయించుచుండును. ఆయన నిర్ణయమునకు ఎదురుచెప్పినవారిని నేను చూడలేదు.

పోచంపల్లి నేతను గూర్చి వినినవారు చాలమంది యుందురు గాని అది యెట్లు జరుగునో ఎరిగినవారు తక్కువ. మామూలు చీరలో గుడ్డ నేసిన తరువాత దానిమీద బొమ్మను అద్దుదురు, లేదా నేయునప్పుడు వేరు పోగులతో బొమ్మను తీర్చుదురు. పోచంపల్లి పనిలో బొమ్మ గుడ్డకంటె ముందు పుట్టును. నూలుమీదనే పుట్టును. పేక నూలును ఆసుమీద వరుసగా పోసి, ఆ కట్టలమీద గీతలు గీసి, తెల్లగా నుండవలసినచోట్ల రంగు తగులకుండ రబ్బరు పట్టీలతో బిగించి కట్టుదురు. ఆ పట్టీలు పాత సైకిలు ట్యూబులను కోసి చేసినవే. పిదప నూలును రంగులో ముంచుదురు. కట్టినచోట తెలుపు నిలుచును. కట్టనిచోట రంగు పట్టును. రెండవ రంగు కావలసినచో ఆరిన పిమ్మట కట్లు విప్పి, మరల వేరుచోట్ల కట్టి, మరల ముంచవలెను. ఇట్లు రంగులద్దిన నూలును వరుస తప్పకుండ కండెలకు చుట్టి, ఆ వరుసలోనే నాడెలో పెట్టి నేసినప్పుడు, పోగు ప్రక్కన పోగు చేరి, చిలుక ముక్కు ఒకనాడు, రెక్క మరునాడు, తోక ఆ మరునాడు గుడ్డమీద తేలును. దీనిని అచ్చటివారు చిటికి యందురు. లోకమంతటను ఇక్కత్ అను పేరు వాడుకలో నున్నది. అది మలయా భాషనుండి వచ్చిన మాట. దాని అర్థము కట్టుట యనియే.

కండెలలో ఒక్కటి ముందు వెనుకలైనచో చిలుక మెడ తెగును. పోగు అంగుళములో పదవ వంతు జరిగినను రెక్క అంచు చెదరును. అందుచేత నేయువాడు నాడెను పంపిన ప్రతిసారియు పోగును వ్రేలితో సవరించి, గుర్తునకు గుర్తు కలిసినదని చూచుకొని, అప్పుడే దానిని గట్టిగా జరుపును. మా పెదతండ్రిగారు ఇట్లు సవరించునప్పుడు ఎవరైన మాటలాడించినచో బదులు చెప్పరు. కోపముచేత కాదు, వారికి వినబడదు.

ఇక వేసవి చేయు ఇబ్బంది. మా పెదతండ్రిగారు వాడునది 80 నెంబరు నూలు. ఆ నెంబరునకు అర్థమేమనగా, 840 గజముల చిలపలు 80 కలిసి ఒక పౌండు తూగునని. అనగా 454 గ్రాముల నూలులో 67,200 గజముల పొడవున్నది. అది 61 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి పోచంపల్లి వరకు దారిపొడవున పరచినను ఇంకను మిగులును. ఇంత సన్నని పోగునకు గాలిలోని తేమయే ప్రాణము. నూలు తేమను పీల్చుకొను స్వభావము గలది. తేమ కలిగినప్పుడు అది బలముగా నుండును, ఎండినప్పుడు పెళుసెక్కును. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దలందురు. రోళ్ళ సంగతి యేమో గాని, ఆ యెండలకు పోగులు తెగుట నేను కన్నులార చూచితిని. పలక తాకినంతనే టక్కున నొకటి, మరల నొకటి. తెగిన ప్రతి పోగునకును నేత ఆపి, కొన వెదకి, ముడివేసి, అచ్చులో దూర్చి, మరల మొదలు పెట్టవలెను.

మగ్గమును గుంటలో నేల కమర్చిన మన పూర్వుల యుక్తి ఇచ్చట కనబడును. భూమిలోని చల్లదనము, తేమ క్రిందినుండి పడుగునకు అందుచుండును. అదియు చాలనప్పుడు గుంట చుట్టును నీళ్ళు చల్లుదురు; కిటికీలకు తడిగోనెలు వ్రేలాడదీయుదురు. గాలి కొరకు పంకా వేసికొనరు. చెమట ధారలు కట్టుచున్నను వేసికొనరు, ఏలయన పంకా గాలికి పడుగు ఆరిపోవును. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి పది గంటల వరకు నేసి, నడిమధ్యాహ్నము మగ్గమునకు సెలవిచ్చి, నాలుగు గంటలకు మరల కూర్చుందురు. పగటి నిద్ర సోమరుల లక్షణమని మనము పిల్లలకు బోధించుచుందుము గదా! ఆ వీధిలో మిట్టమధ్యాహ్నము గురకలు విని ఆ మాట అనగలవాడు లేడు.

గంజి పెట్టు దినమున నేనును చేయి కలిపితిని. ఇంకను చుక్కలుండగనే వీధి ఈ కొననుండి ఆ కొనకు పడుగును చాచి, కొయ్యలకు బిగించి, నడుమ అడ్డముగ కట్టెలు నిలిపి ఎత్తి పట్టుదురు. వండిన గంజిని పలుచజేసి, కొంచెము నూనె కలిపి, పోగులకు పట్టింతురు. పిదప పొడవైన కుంచెలు చేతబట్టి, అటువారు ఇటువారు ఎదురెదురుగా నిలిచి, ఒకే అడుగుతో నడచుచు పడుగును దువ్వుదురు. దువ్వినకొలదియు పోగులు విడివడి, ఒక్కొక్క పోగును గుండ్రముగ, నున్నగ తేరును. అడుగు తప్పినచో కుంచె పోగులను లాగును. ప్రొద్దెక్కి ఎండ తగిలినచో గంజి త్వరగా ఆరి పోగులు ఒండొంటికి అంటుకొనును. కావున సూర్యోదయమునకును వారికిని ఒక పరుగు పందెము జరుగుచుండును. ఆ సమయమున పాలు తెచ్చువాడు మోటారు సైకిలుపై వచ్చెను. దారి లేదు. అతడు హారను మ్రోగింపక, బండి ఆపి, క్యానులు దింపి, తానును ఒక కుంచె అందుకొనెను. అతని తండ్రియు నేతగాడేనని తరువాత తెలిసినది.

మే నెల నడుమ ఒక సాయంకాలము గాలివాన విరుచుకపడెను. చెట్ల కొమ్మలు విరిగి తీగలమీద పడుటచే ఆ వీధికి రెండు దినములు కరెంటు లేకపోయెను. చేతి మగ్గమునకు కరెంటుతో పనియేమని మీరడుగవచ్చును. మగ్గమునకు అక్కర లేదు గాని ఆసునకు అక్కర గలదు.

ఆసు పోయుట యనగా ఒక కొననున్న మేకునకును, అర్ధచంద్రాకారముగా నాటిన మేకులకును నడుమ పోగును అటునిటు త్రిప్పుచు వరుసగ చుట్టుట. ఒక చీరకు కావలసిన నూలు పోయుటకు చేయి సుమారు 9,000 సార్లు అటునిటు ఆడవలెను. ఈ పని తరతరములుగా స్త్రీలదే. ఆలేరు సమీపముననున్న శారాజీపేట గ్రామమున చింతకింది మల్లేశము అను నేతపని కుటుంబపు బాలుడు తన తల్లి భుజపు నొప్పితో బాధపడుట చూచి, ఈ పనిని చేయు యంత్రమును నిర్మింపవలెనని సంకల్పించెను. చదువు ఆరవ తరగతితో ఆగిపోయినవాడు. అనేక సంవత్సరములు శ్రమించి 1999లో దానిని సాధించెను. తల్లి పేరుమీదుగా దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరిడెను. 2017లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది. ఆయన జీవితము 2019లో చలనచిత్రముగ కూడ వెలువడినది. మా పెద్దమ్మ ఇంట ఆ యంత్రము వచ్చిన నాటినుండి ఆమె చేతి ఆసును దూలమునకు వ్రేలాడగట్టెను. కుడిచేయి భుజము దాటి పైకెత్తలేని స్థితి ఆమెకు అప్పటికే కలిగియుండెను.

ఆనాటి సాయంకాలము చెట్టుక్రింద పెదతండ్రిగారు తమ లెక్క చెప్పిరి. “నాలుగు దిగినవి. ఐదవది నడుచుచున్నది. ఆరవదానికి పేక సిద్ధము. ఏడవదానికి ఆసు పడలేదు.” అంతకుమించి ఒక్కమాట అనలేదు. ఆసు పడనిదే కట్టు లేదు. కట్టు లేనిదే రంగు లేదు. రెండు దినములు పోయినచో రంగు, ఆరుట, కండెలు అన్నియు వెనుకబడును. మిరుగము దాటినచో షావుకారు ఆ చీరను వద్దనకపోవచ్చును గాని, వెల తగ్గించును. ఆ సొమ్ముతోనే మా అన్న కూతురి బడి ఖర్చులు గడువవలసియుండెను.

పెద్దాయన కాసేపు ఆలోచించి గడపలవైపు చూచెను. మూలయింటి ఆమె కండె ప్రక్కన పెట్టి, “వదినా, మీ పాత ఆసు దింపించుము” అని మా పెద్దమ్మతో ననెను. దుప్పట్లవారి భార్యయు లేచెను. ఆ రాత్రి ఐదుగురు స్త్రీలు మా వసారాలో వంతులవారీగా ఆసు పోసిరి. ఒకామె చేయి నొచ్చినంతనే ఇంకొకామె అందుకొనుచుండెను. పెద్దమ్మ ప్రక్కన కూర్చుండి వరుస తప్పకుండ కనిపెట్టుచుండెను. సెల్‌ఫోను దీపమొకటి స్తంభమునకు కట్టిరి. దాని చార్జి అయిపోగా మరొకరి ఫోను తెచ్చిరి. అర్ధరాత్రికి ఆసు ముగిసెను. మరునాడు కూడ కరెంటు రాలేదు. కాని ఆ యింట అప్పటికే కట్టు పని సాగుచుండెను. దానికి బదులుగా ఆ ఐదుగురిలో ఎవరు ఏమి పుచ్చుకొనిరని నేను పెద్దమ్మ నడిగితిని. ఆమె నన్ను వింతగా చూచి, “జూన్‌లో వారి ఇంట పడుగు ఎక్కదా బిడ్డా!” అని మాత్రము అనెను.

మా అన్నగారి సంగతి చెప్పలేదు. ఆయనయు మంచి నేతగాడే. ఆయన మగ్గము తండ్రి మగ్గమునకు ఎదురుగనే యుండెను. కొన్నేండ్ల క్రిందట హైదరాబాదులో ఒక బట్టల దుకాణమున ఉద్యోగము దొరకగా వెళ్ళెను. భార్యాబిడ్డలు పల్లెలోనే యుండిరి. ఆ మగ్గపు గుంటమీద పలకలు కప్పి, వానిమీద బియ్యపు సంచులు పెట్టుచుండిరి. ఆ వేసవిలో ఎనిమిదవ తరగతికి రానున్న ఆయన కూతురు, “తాతా, ఆ సంచులు తీయుము, నేను రుమాలు నేసెదను” అని పట్టుపట్టెను. ఆసు పని మాత్రము ఆ పిల్లచేత చేయింపరాదని పెద్దమ్మ ఆంక్ష పెట్టెను. మిగిలిన పడుగు తునక ఎక్కించి యిచ్చిరి. కాళ్ళు అందక తొక్కుడు చెక్కలపై పీట ముక్కలు కట్టుకొనవలసి వచ్చెను. చిన్న వజ్రపు గుర్తులు నాలుగు మూలల. అంతే ఆమె బొమ్మ. మధ్యాహ్నము తాత నిదురించు వేళ ఆమె నేయును. పోగు తెగినప్పుడు ఎవరిని లేపక తానే వెదకికొనును.

మే నెలాఖరున అన్నగారు పది దినములు సెలవు పెట్టి వచ్చిరి. వచ్చిన రాత్రి సంచిలోనుండి ఒక చీర తీసి తండ్రికి చూపిరి. నీలపు నేలమీద తెల్లని చిలుకలు! పెదతండ్రిగారు నేయుచున్నట్టిదే. కాని అది యంత్రము మీద అద్దిన చీర. దుకాణములో అటువంటివి గుట్టలుగ వచ్చుచున్నవనియు, చాల తక్కువ వెలకు అమ్ముడుపోవుచున్నవనియు, వానిని తానే మడతలు విప్పి చూపవలసివచ్చుచున్నదనియు ఆయన చెప్పిరి. ఇంటిలో ఎవరును మాటలాడలేదు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరుతో వేరొకచోటి సరుకును అమ్మరాదు. కాని పేరు వాడక రూపమును మాత్రము అపహరించినచో కొనువానికే కన్నుండవలెను.

పెదతండ్రిగారు ఆ చీరను తిరగవేసి చూచిరి. వెనుకవైపు చిలుకలు వెలిసినట్లుండెను. మనుమరాలిని పిలిచి, తమ మగ్గముమీది గుడ్డను క్రిందినుండి చూపి, “ఇందు ఏ వైపు మంచిది?” అని అడిగిరి. ఆ పిల్ల రెండు వైపులను చూచి, “రెండును ఒకటే తాతా” అనెను. “మరి రెక్కల అంచులు?” “మసకగా, ఈకలవలె నున్నవి.” అద్దిన బొమ్మకు అంచు కత్తితో కోసినట్లుండును; కట్టి రంగువేసిన నూలులో రంగు తెలుపులోనికి కొంచెము ప్రాకి ఈనెలు తీయును. నాకు తెలిసినంతవరకు అసలును గుర్తించుటకు ఇంతకంటె సులభమైన పరీక్ష లేదు. బజారునకు పోవు పిల్లలు సైతము దీనిని చేయవచ్చును.

పెదతండ్రిగారు కొడుకును నిందింపలేదు. “రంగు బాగుగనే యున్నది” అని చీరను మడిచి యిచ్చిరి. మరునాడు తెల్లవారుజామున నేను లేచి చూచుసరికి తండ్రి మగ్గముపై కొడుకు కూర్చుండియుండెను. ఆరవ చీర వారిద్దరి చేతులమీద వంతులవారీగ దిగెను. తండ్రి ఆపినచోట కొడుకు అందుకొనినను చిలుక మెడలో ఎక్కడను అతుకు తెలియలేదు. ఒక రాత్రి భోజనముల వేళ పెద్దమ్మ, “ఇక్కడనే ఉండిపోరాదా?” అని మెల్లగా ననెను. అన్నగారు జవాబు చెప్పకముందే పెదతండ్రిగారు, “నెల మొదటి తేదీన చేతిలో జీతము పడు పనిని చెడ్డదని నేననను. నాకు ఆ తేదీ ఎన్నడును తెలియదు” అనిరి. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, అది నిజము. 2019-20లో జరిగిన జాతీయ గణనలో మన దేశమున 35 లక్షలకు పైగా చేనేత కార్మికులున్నట్లు తేలినది. వారిలో స్త్రీలే అధికము. ఇంతమంది చేతులలో నున్న విద్య చిన్నది కాదు. అయినను ఆ చేతులకు నెల మొదటి తేదీ యనునది లేకపోవుట నాకు న్యాయముగ తోచదు.

అన్నగారు తిరిగి వెళ్ళవలసిన దినమునకు ముందటి సాయంకాలము ఆయనయు చెట్టుక్రిందికి వచ్చిరి. చాలకాలమునకు వచ్చుటచే అరుగుమీద చోటు చూపిరి. రుమాలు యువకుడు తన అంగుళములను చెప్పెను. మూలయింటి ఆమె గజములను చెప్పెను. పెదతండ్రిగారు, “ఆరు దిగినవి. ఏడవది మూరెడు” అనిరి. మిరుగమునకు ఇంకను ఐదు దినములుండెను. పెద్దాయన తలయూచి, “నీకు వచ్చే గురువారము అతుకుడు” అని తేల్చెను.

పిదప ఆయన చూపు మా గడపలో నిలిచియున్న పిల్లమీద పడెను. “ఏమమ్మా, నీది ఎంతవరకు వచ్చినది?” అని అడిగెను. అంతవరకు ఆ అరుగుమీద పిల్లల నెవరును అడిగి యెరుగరు. ఆమె తండ్రివైపు ఒకసారి చూచి, “జానెడు నాలుగు వ్రేళ్ళు” అని చెప్పెను.

“పోగులెన్ని తెగినవి?”

“నేడా? పదునొకండు.”

“నాలుగు మూలలలో ఎన్ని కుదిరినవి?”

“రెండు కుదిరినవి. మిగిలిన రెండింటికి పేక కట్టియున్నది. రంగు వేయవలెను.”

పెద్దాయన వ్రేళ్ళు మడిచి ఏదో లెక్క వేసికొని, “మంగళవారము దుప్పట్లవారు నీలిరంగు కాచుచున్నారు. నీ కట్టను అందులోనే ముంచుకొనుము. వేరుగా కుండ పెట్టనక్కరలేదు” అనెను. దుప్పట్లాయన సరేననెను. మా అన్నగారు లేచి యింటిలోనికి పోయి, తన పాత మగ్గపు తొక్కుడు చెక్కలకు కట్టిన పీట ముక్కలను విప్పి, కూతురి కాలి కొలత చూచి, వానిని మరల బిగించి కట్టుట మొదలుపెట్టిరి.